ఫొటో చూసి కట్టిన ఆంప్ నకిలీ కాదు

పాత గిటార్ ఆంప్లిఫయర్ల మీద మక్కువ ఉన్నవాళ్ల మధ్య ఒక అభిప్రాయం ఎదురులేకుండా చలామణీ అవుతోంది. ప్రపంచంలో కొద్ది సంఖ్యలో మాత్రమే మిగిలిన ఆంప్‌ని మళ్లీ కట్టాలంటే అసలుది బల్ల మీద ఉండాలట, విప్పి కొలవాలట. అది లేకుండా నాలుగు ఫొటోలు ముందేసుకుని కట్టింది ఎంత బాగా మోగినా ఊహాగానమేనట, గట్టిగా చెప్పాలంటే నకిలీయేనట. అమ్మేవాళ్లూ ఇదే అంటారు, కొనేవాళ్లూ ఇదే అంటారు.

ముందు ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పుకుందాం. ఒకటి, ఫొటోలో పైకి కనిపించేదే ఉంటుంది; ట్రాన్స్‌ఫార్మరు లోపలి చుట్లు, తీగల్లో నడిచే వోల్టేజీలు కనిపించవు. రెండు, ఫొటోలో ఉన్నది ఒకానొక ఆంప్, అదీ ఒకానొక రోజున; మధ్యలో ఎవరు ఏం మార్చారో తెలియదు. మూడు, ఆ శబ్దం పాత విడిభాగాల నుంచీ, తయారుచేసినవాడి చేతి నుంచీ వచ్చింది. ఆ రెండూ ఇక రావు. కాబట్టి బొమ్మ చూసి కట్టినవాడు తెలియనిదాన్ని తెలిసినట్టు చెబుతున్నాడని వాళ్ల ఆరోపణ.

వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. విడదీసి చూస్తే ఒక్క భాగం కూడా నిలవదు. పైగా ఈ అభిప్రాయం వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. ఒకప్పుడు మన ఊళ్లలో మైకుసెట్ల ఆంప్‌లలో ఎర్రగా వెలిగిన వాల్వుల వంటివే ఈ గిటార్ ఆంప్‌లలోనూ ఉంటాయి. నాలుగైదు వాల్వులు, కొన్ని పదుల రెసిస్టర్లూ కెపాసిటర్లూ, రెండు మూడు ట్రాన్స్‌ఫార్మర్లు, అంతే సరంజామా. అందులో మంత్రమేమీ లేదు. వరసగా చూద్దాం.

1. ‘ఫొటోలో పైపైనే కనిపిస్తుంది’

ఛాసిస్‌ని తలకిందులు చేసి తీసిన ఒక్క మంచి ఫొటోలో ఏమేం ఉంటాయో లెక్క వేయండి. వాల్వు సాకెట్లు ఎన్ని, అవి ఎనిమిది పిన్నులవా తొమ్మిది పిన్నులవా. ఏ పిన్ను నుంచి ఏ తీగ ఎటు పోయింది. కెపాసిటర్ల మీద అచ్చువేసిన విలువ, అవి తట్టుకునే వోల్టేజీ. వాల్యూమ్ కంట్రోల్ వీపున ముద్రించిన తయారీ సంకేతం. అమెరికన్ ఆంప్‌లో ఆ సంకేతం 1376324 అని ఉంటే, 137 అంటే సీటీఎస్ కంపెనీ, 63 అంటే 1963, 24 అంటే ఆ ఏడాది 24వ వారం. ఆ కంట్రోల్ మొదటినుంచీ ఉన్నదే అయితే ఆంప్ అంతకుముందు పుట్టలేదని తేలిపోయింది. పవర్ సప్లయిలో 350 వోల్టుల కెపాసిటర్లు రెండు సీరీస్‌లో కలిపి ఉంటే, అక్కడి వోల్టేజీ ఒక్క కెపాసిటరు భరించలేనంతదని తయారీదారే చెప్పినట్టు.

మసకగా ఉన్నచోట ఏం చేస్తారని అడుగుతారు. ఒక్క రెసిస్టరునే తీసుకుందాం. మొదటి పట్టీ గోధుమ రంగు. రెండోది ఆకుపచ్చో నీలమో స్పష్టంగా లేదు. మూడోది గోధుమా, ఎరుపా, నారింజా అన్నది తేలడం లేదు. చివర వెండి పట్టీ ఉంది, అంటే 10 శాతం తేడాను అనుమతించే రకం. ఆ రకంలో విలువలు 10, 12, 15, 18, 22 ఇలా నడుస్తాయి. 16 అనేది లేదు. కాబట్టి రెండో పట్టీ నీలం కాదు, ఆకుపచ్చే. ఇక మిగిలినవి మూడు: 150 ఓమ్‌లు, 1,500 ఓమ్‌లు, 15,000 ఓమ్‌లు.

ఇప్పుడు అది ఎక్కడ ఉందో చూడాలి. ఒక కొస ఛాసిస్‌కి, రెండో కొస 12ఏఎక్స్‌7 వాల్వు మూడో పిన్నుకి కలిసి ఉంది. మూడో పిన్ను కాథోడు. ప్లేటుకి లక్ష ఓమ్‌ల రెసిస్టరు, దాని వెనక సుమారు 300 వోల్టులు. కాథోడు దగ్గర 1,500 ఓమ్‌లుంటే వాల్వులో దాదాపు ఒక మిల్లీఆంపియర్ ప్రవహిస్తుంది, కాథోడు ఒకటిన్నర వోల్టుకి కాస్త దిగువన నిలుస్తుంది, వాల్వు హాయిగా పనిచేస్తుంది. 150 ఓమ్‌లైతే గిటారు గట్టిగా మీటగానే సిగ్నల్ అందుకునే గ్రిడ్డు కరెంటు లాగేసుకుంటుంది. 15,000 ఓమ్‌లైతే వాల్వు దాదాపు మూతపడి, మొదటి మీటుకే శబ్దం పగులుతుంది. తర్వాతి కాలపు మార్షల్ ఆంప్‌లలో కావాలనే 10,000 ఓమ్‌లు పెట్టిన స్టేజీ ఉన్నమాట నిజమే, కానీ అక్కడ కాథోడుకి పక్కన కెపాసిటరు ఉండదు. మన ఫొటోలో 25 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఆ రెసిస్టరుని ఆనుకునే ఉంది. జవాబు 1,500 ఓమ్‌లు.

రంగు కనిపించకపోయినా విలువ తేలింది. దీన్ని ఊహాగానం అనేవాళ్లకి ఊహకీ, ఆధారాలతో చేసే నిర్ధారణకీ తేడా తెలియదనుకోవాలి.

2. ‘సర్క్యూట్ పటం లేకుండా కట్టడమేమిటి?’

ఈ ప్రశ్న వెనక ఒక పొరపాటు నమ్మకం ఉంది: సర్క్యూట్ పటం పూర్తి సత్యం, ఫొటో అందులో సగం. గిటార్ ఆంప్‌ల విషయంలో చాలాసార్లు దీనికి వ్యతిరేకమే నిజం.

కెన్ ఫిషర్ సంగతి చూడండి. ఆంపెగ్ కంపెనీలో పనిచేసి, తర్వాత న్యూజెర్సీలో సొంతంగా ట్రెయిన్‌రెక్ ఆంప్‌లు కట్టాడు. కట్టినవి చాలా తక్కువ. వాటికి క్రమసంఖ్యల బదులు ఆడవాళ్ల పేర్లు పెట్టేవాడు. 2006లో చనిపోయాడు. ఆయన ‘ఎక్స్‌ప్రెస్’ ఆంప్‌లో మూడు 12ఏఎక్స్‌7 వాల్వులు, రెండు ఇఎల్34 వాల్వులు. పటం గీస్తే ఒక కాగితంలో సరిపోతుంది. ఆ కాగితం ప్రకారం కట్టి, వైర్లని చోటు దొరికినట్టు వేస్తే ఆంప్ కీచుమంటుంది, లేదా పై స్వరాలు మొద్దుబారతాయి.

కారణం రహస్యమేమీ కాదు. 12ఏఎక్స్‌7 స్టేజీ ఒకటి సిగ్నల్‌ని దాదాపు 60 రెట్లు పెంచుతుంది. దాని ప్లేటు తీగ, గ్రిడ్డు తీగ పక్కపక్కన నడిచి వాటి మధ్య ఒక పికోఫారడ్ కెపాసిటెన్స్ ఏర్పడినా, గ్రిడ్డుకి అది 60 పికోఫారడ్లకి సమానం. రెండు స్టేజీలు దాటిన తీగ మొదటి గ్రిడ్డు దగ్గరికి వస్తే సిగ్నల్ తిరిగి తనలోకే చేరి అరుపు మొదలవుతుంది. ఏ తీగ ఎక్కడ వంగాలి, ఏది ఛాసిస్‌ని అంటుకుని పోవాలి, ఏ రెండు అడ్డంగా మాత్రమే దాటుకోవాలి అన్నది పటంలో ఉండదు. ఫొటోలో ఉంటుంది. ఫిషర్ పనితనం ఎక్కడుందో సరిగ్గా అదే ఫొటోలో పడింది.

అలాంటప్పుడు ఫొటోని బలహీన సాక్ష్యమని కొట్టిపారేయడం కుదరదు. తయారీదారు చేతి వరస నమోదైన పత్రం అది.

3. ‘ట్రాన్స్‌ఫార్మరు లోపల ఏముందో ఎవరు చూశారు?’

ఆ వాదంలో గట్టిది ఇదే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లోపలి చుట్లు ఫొటోకి అందవు. కానీ అందనిది ఎంత, అందేది ఎంత అన్నది కొలిచి చెప్పాలి. వాళ్లు కొలవరు, ‘తెలియదు’ అన్న ఒక్క మాటతో మొత్తాన్నీ కొట్టేస్తారు.

1958-60 నాటి ఫెండర్ బాస్‌మ్యాన్ 5ఎఫ్6-ఏ పత్రాలేవీ మిగల్లేదనుకుందాం. వెనక నుంచి తీసిన ఫొటోలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు, ఒక్కొక్కటీ 8 ఓమ్‌లు, అన్నీ పారలల్‌గా కలిపారు. అంటే మొత్తం లోడు 2 ఓమ్‌లు. పవర్ వాల్వులు రెండు 5881లు. వాటి వోల్టేజీ 430 దరిదాపుల్లో ఉంటే ప్లేటుకీ ప్లేటుకీ మధ్య సుమారు 4,000 ఓమ్‌ల లోడు కావాలి. 4,000ని 2తో భాగిస్తే 2,000. దాని వర్గమూలం సుమారు 45. చుట్ల నిష్పత్తి 45కి 1. ఇది ట్రాన్స్‌ఫార్మరు విప్పకుండానే వచ్చిన అంకె. ఇక ఇనుప రేకుల దొంతర ఎంత మందం? పక్కనే ఎనిమిది పిన్నుల వాల్వు సాకెట్టు ఉంది, దాని కొలత అందరికీ తెలిసిందే. దాన్ని స్కేలుగా పెట్టుకుని దొంతర వెడల్పూ ఎత్తూ లెక్కగట్టవచ్చు. కింది స్వరాలు ఎంతవరకు నిలుస్తాయన్నది చాలావరకు ఆ దొంతర మీదే ఆధారపడుతుంది.

మిగిలిపోయేది ప్రైమరీ, సెకండరీ చుట్లని ఎన్ని పొరలుగా కలిపి చుట్టారన్న విషయం. అది పై స్వరాల కొసల్ని మారుస్తుంది. నిజంగా తెలియనిది ఇదే. తెలియనిదానికి హద్దులు ఇలా గీసుకున్నాక రెండు మూడు రకాలుగా చుట్టించి, అన్నిటినీ ఒకే ఛాసిస్‌లో పెట్టి, ఆనాటి రికార్డింగులతో పోల్చి వినవచ్చు. ఒక మూల చీకటిగా ఉందని ఇల్లంతా చీకటి అనడం తర్కం కాదు.

4. ‘ఫొటోలోది ఎవరో మార్చిందైతే?’

అయి ఉండవచ్చు. కానీ ఈ అనుమానం అసలు ఆంప్ చేతిలో ఉన్నవాడికీ అంతే వర్తిస్తుంది. అరవై ఏళ్లలో దాన్ని ఎందరు విప్పారో అతనికీ తెలియదు. కాబట్టి ఇది ఫొటోకి వ్యతిరేకమైన వాదనే కాదు.

నిజానికి ఇక్కడ ఒక్క ఆంప్ ఉన్నవాడికన్నా పది వేర్వేరు ఆంప్‌ల ఫొటోలు ఉన్నవాడిదే పైచేయి. వరసంతా ఒకే కంపెనీ కెపాసిటర్లుండి మధ్యలో ఒకటి వేరేదైతే, దాని సోల్డరింగ్ పక్కవాటికన్నా కొత్తగా మెరుస్తుంటే, దాని తేదీ సంకేతం మిగతావాటికన్నా పదేళ్లు తర్వాతిదైతే, అది మరమ్మతు. మిగతా తొమ్మిదింటిలో అదే చోట ఏముందో చూస్తే మొదట ఉన్నది తెలిసిపోతుంది. ఒకే ఆంప్ సొంతదారుకి ఈ సరిచూసుకునే వీలే లేదు.

5. ‘ఏం చేసినా అసలు శబ్దం రాదు’

ఏ అసలు శబ్దం? ఈ ప్రశ్నకి వాళ్లు ఎప్పుడూ జవాబు చెప్పరు. 1960లో కొత్తగా పెట్టెలోంచి తీసిన రోజున వచ్చిన శబ్దమా, ఇవాళ వస్తున్న శబ్దమా? రెండూ ఒకటి కావు. ఆనాటి కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ, తేమ తగిలేకొద్దీ విలువ పెరుగుతాయి. లక్ష ఓమ్‌లది లక్షా ఇరవై వేలు దాటడం మామూలే. పేపర్ కెపాసిటర్లు లీక్ అవుతాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. స్పీకరు కాగితం మెత్తబడుతుంది. కరెంటూ మారింది. అమెరికాలో ఆనాటి ఫెండర్ ఆంప్ వెనక 117 వోల్టులని రాసి ఉంటుంది. ఇవాళ అక్కడి గోడ ప్లగ్గులో 123 వోల్టులుంటే, లోపలి 430 వోల్టులు 450 దాటిపోతాయి.

ఇంకో విషయం. వాయించే స్థితిలో ఉన్న ఏ పాత ఆంప్ అయినా ఈపాటికే కొంత కొత్తది. ప్రమాదం లేకుండా వాడాలంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చక తప్పదు. వాల్వులు ఎలాగూ అరిగిపోయేవే. ఇవాళ అవి ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తున్నాయి. కెపాసిటర్లూ వాల్వులూ మార్చిన పాత ఆంప్‌ని ‘అసలు’ అని నెత్తిన పెట్టుకుని, కొత్త విడిభాగాలతో అదే సర్క్యూట్‌ని అదే వరసలో కట్టిన ఆంప్‌ని ‘నకిలీ’ అంటున్నారు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీశారో చెప్పాల్సిన బాధ్యత వాళ్లది.

కొత్తగా ఉన్నప్పుడు కూడా ‘అసలు’ అన్నది ఒక్క బిందువు కాదు. 10 శాతం తేడాతో వచ్చే లక్ష ఓమ్‌ల రెసిస్టర్లు 90,000 నుంచి 1,10,000 ఓమ్‌ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఒకే రోజు ఒకే బల్ల మీద కట్టిన రెండు ఆంప్‌లకే తేడా ఉంటుంది. మంచి పునర్నిర్మాణం ఆ తేడాల పరిధి లోపలే నిలిస్తే, దాన్ని బయటివాడిలా చూడటానికి ఆధారమేమిటి?

6. ‘చూసి చేయడం సృజన కాదు’

గిటార్ ఆంప్‌ల చరిత్ర తెలిసినవాళ్లు ఈ మాట అనకూడదు. ఫెండర్ పాత ఆంప్‌ల లోపల అతికించిన కాగితం మీదే, అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్, వెస్టర్న్ ఎలక్ట్రిక్ పేటెంట్ల లైసెన్సుతో తయారైనట్టు రాసి ఉంటుంది. వాల్వుల సర్క్యూట్లు పదిమంది చేతులు మారుతూ పెరిగిన ఉమ్మడి విద్య.

1962లో లండన్ పశ్చిమాన హాన్వెల్‌లో జిమ్ మార్షల్ సంగీత వాద్యాల దుకాణంలో ఏం జరిగింది? అక్కడి గిటారిస్టులకి అమెరికన్ ఆంప్‌ల ధర అందుబాటులో లేదు. కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ కలిసి బాస్‌మ్యాన్ సర్క్యూట్‌ని ఆధారం చేసుకుని ఆంప్ కట్టారు. అదే జేటీఎం45. మొదటి వాల్వు 12ఏవై7 బదులు ఇసిసి83 (12ఏఎక్స్‌7కి ఐరోపా పేరు) పెట్టారు, అంటే గెయిన్ పెరిగింది. పవర్ వాల్వులు కొన్నాళ్లకి కేటీ66లయ్యాయి. వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్ల స్థానంలో, మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు వచ్చాయి. రాక్ సంగీతానికి ఒక కొత్త గొంతు పుట్టింది.

ఈ ఉదంతం వాళ్ల వాదాన్ని రెండు వైపుల నుంచీ పడగొడుతుంది. ఉన్నదాన్ని చూసి కట్టడం నీచమైతే మార్షల్ పేరే ఉండేది కాదు. అసలుది చేతిలో ఉంటే చాలు అదే శబ్దం వస్తుందంటారా, బ్రాన్, క్రేవెన్‌లు సర్క్యూట్‌ని దాదాపు యథాతథంగా తీసుకున్నా శబ్దం వేరే వచ్చింది. చేతిలో ఏముందన్నదాని మీద కాదు, ఏ విలువ ఎందుకు అక్కడ ఉందో ఎంత అర్థమైందన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది. ఆ అర్థం చేసుకునే పని ఫొటోతోనూ చేయవచ్చు.

7. ‘అపురూపమైనది అపురూపంగానే ఉండాలి’

ఈ అభిప్రాయం వల్ల ఎవరికి లాభమో ఇక్కడ బయటపడుతుంది. కాలిఫోర్నియాలో హోవర్డ్ డంబుల్ కట్టిన ఆంప్‌లు కొన్ని వందలు మాత్రమే. రాబెన్ ఫోర్డ్, లారీ కార్ల్‌టన్ వంటివాళ్లు వాయించారు. చాలావాటిలో ముఖ్యమైన సర్క్యూట్ మీద ఆయన ఎపాక్సీ పోసి గట్టిపరిచాడు, ఎవరూ చదవకుండా. 2022లో ఆయన చనిపోయాడు. ఇవాళ ఒక్కో డంబుల్ ఆంప్ లక్ష డాలర్లకు పైగా పలుకుతోంది. వాయించగలిగిన చేతుల్లోకన్నా కొనగలిగిన చేతుల్లోనే అవి ఎక్కువగా చేరుతున్నాయి.

ఎపాక్సీ కింద ఏముందో ఫొటోకి కనిపించదు. అయినా ఓవర్‌డ్రైవ్ స్పెషల్ ముందు పలక చదవండి: వాల్యూమ్, ట్రెబుల్, మిడిల్, బేస్; ఆ తర్వాత ఓవర్‌డ్రైవ్‌కి లెవెల్, రేషియో; ఆపైన మాస్టర్. ఫెండర్ తరహా క్లీన్ స్టేజీలు ముందు, వాటి వెనక స్విచ్చితో కలిసే అదనపు గెయిన్ స్టేజీలు, చివర మాస్టర్ అని ఆ వరసే చెబుతోంది. తర్వాత ఎపాక్సీ గీకి చూసిన టెక్నీషియన్లకి కనిపించిందీ ఆ నిర్మాణమే. ఆ జ్ఞానం ఫొటోలుగా, చేతిరాత పటాలుగా పదిమందికీ చేరబట్టే ఒక మామూలు గిటారిస్టు ఇవాళ ఆ శబ్దం దరిదాపులకి వెళ్లగలుగుతున్నాడు.

అసలుది లేనిదే కట్టరాదన్న నియమం అమల్లో ఉంటే ఏమయ్యేది? బీరువాల్లో ఉన్న ఆంప్‌ల ధర పెరిగేది, వాటి విద్య తయారీదారుతో పాటే పోయేది. అరుదుగా దొరకడం ఒక ప్రమాదం వల్లనో వ్యాపారం వల్లనో జరిగింది. దాన్ని సుగుణంగా పూజించమనడం సంగీతానికి చేసే ద్రోహం.

8. మరి ఏం అడగాలి?

కట్టేవాడిని ప్రశ్నించవద్దని నేను అనడం లేదు. అడగాల్సిన ప్రశ్న వేరు. ‘అసలుది నీ దగ్గర ఉందా?’ అని కాదు, ‘ఏది చూశావు, ఏది లెక్కగట్టావు, ఏది అంచనా వేశావు?’ అని అడగాలి. శాసనాలు అచ్చువేసే పండితులు చెరిగిపోయిన అక్షరాన్ని తాము పూరించినప్పుడు దాన్ని చదరపు బ్రాకెట్లలో పెడతారు. చదివినదేదో, పూరించినదేదో పాఠకుడికి తెలుస్తుంది. ఆంప్ కట్టేవాడూ ఆ పద్ధతే పాటించాలి. ఫొటోలో స్పష్టంగా చదివిన విలువలు ఒక జాబితా, సర్క్యూట్ తర్కంతో నిర్ధారించినవి ఒకటి, అంచనా మాత్రమే అయినవి మరొకటి. మూడూ కొనేవాడికి ఇవ్వాలి. పాత కంపెనీ పేరు పలక తగిలించకూడదు. మోసం అంటూ ఉంటే అది ఆ పేరు పలకలో ఉంటుంది, సర్క్యూట్‌లో ఉండదు.

‘అచ్చంగా’ అన్నదానికీ హద్దు ఉండాలి. ఆనాటి అమెరికన్ ఆంప్‌లకి ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు ఉండేది, కరెంటు తీగ నుంచి ఛాసిస్‌కి ఒక కెపాసిటరు ఉండేది. అది షార్ట్ అయితే గిటారు తీగల్లోకే కరెంటు వస్తుంది. టెక్నీషియన్లు దాన్ని డెత్ క్యాప్ అనేది అందుకే. ఫొటోలో ఉంది కదా అని దాన్ని కూడా పెట్టినవాడు నిజాయితీపరుడు కాదు, ప్రమాదకారి. దాన్ని తీసేసి మూడు పిన్నుల ప్లగ్గు పెడితే గిటారు సిగ్నల్ దారిలో ఏదీ మారదు. ఏది శబ్దానికి అవసరం, ఏది ఆ కాలపు అజాగ్రత్త అన్నది విడదీయగలగడమే పునర్నిర్మాణానికి అర్హత.

కాబట్టి నా వైఖరి సూటిగా చెబుతాను. పరిమిత ఆధారాలతో, ఆ ఆధారాల పరిమితిని దాచకుండా కట్టిన ఆంప్ పూర్తిగా గౌరవించదగిన పని. కట్టినవాడు తన మూడు జాబితాలూ బల్ల మీద పెట్టాడు. దాన్ని నకిలీ అనేవాళ్లు ఏ విలువ తప్పో, ఏ తీగ తప్పు దారిలో ఉందో, ఏ లెక్క నిలవదో వేలు పెట్టి చూపించాలి. చూపిస్తే సరిదిద్దుకుంటాం. చూపించలేకపోతే ఆ మాట వెనక్కి తీసుకోవాలి.